తనంతట ఊడిన లాడం

గుమ్మానికి గుర్రపు లాడం కొట్టిన ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టను. నవ్వుకోండి, నాకేటి! మొన్న న్యూ టౌన్‌లో మనవాళ్లెవరిదో గృహప్రవేశానికి ఎల్తే, తలుపు మీద పెద్ద లాడం, బంగారు రంగేసి, మెరిసిపోతంది. "లోపలికి రండి ఆంటీ" అంటది ఆ ఇంటి పిల్ల. బయటే నిలబడి అక్షింతలు జల్లీసి, తాంబూలం అక్కడే పుచ్చుకుని వచ్చీసేను. పొగరుబోతు ముసల్దనుకుని ఉంటారు. అనుకోనీ. వాళ్లకి కామాక్షమ్మ తెలదు కదా.

నాకు తెలుసు. పెళ్లయి శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీల దేశానికి, మెటియాబ్రుజ్ వచ్చిన ఏడు, మా గల్లీలో నాకు మొదట కనపడిన మనిషే ఆవిడ. మా ఆయన కోదండం ఓడల డాకులో గోనె బేళ్లు ఎత్తీవాడు. గల్లీలో అందరూ మనవైపు వాళ్లే, అందరూ డాకు మీద బతికీవాళ్లే, ఒక్క కామాక్షమ్మ తప్ప. గల్లీ చివర రేకుల సాల. అందులో ఒక నల్ల గుర్రం, పేరు కాజల్. దాని పక్క గదిలో ఆవిడ.

విక్టోరియా రాణి మేడ దగ్గర జనాన్ని ఎక్కించుకుని షికారు తిప్పీ బగ్గీలుంటాయి చూడండి, ఆవిడ పెనిమిటి, పేరు గురువులు, అలాంటి బగ్గీ తోలీవాడంట. నేనొచ్చీసరికే పోయేడు. కొరడా ముట్టుకునీవాడే కాదంట. నాలిక అంగిట్లో కొట్టి "ట్ళక్, ట్ళక్" మని రెండు చప్పుళ్లు చేస్తే చాలు, గుర్రం కదిలీదంట. ఆ ముచ్చట గల్లీలో అందరూ చెప్పీవారు. ఆయన ఎలగ పోయేడని అడిగితే మాత్రం, పొయ్యి మీద ఏదో మాడిపోతందని లేచిపోయీవారు.

మొగుడు పోయేక, ఉన్నదేదో అమ్ముకుని ఊరెల్లిపోమన్నారంట అందరూ. ఆవిడ ఎల్లలేదు. మళ్లీ నల్ల గుర్రాన్నే తెచ్చుకుంది. తమ్ముడు గోవిందరాజుని ఊరి నుంచి రప్పించి బగ్గీ ఎక్కించింది. బండి వాడిది. తిండి, నీళ్లు ఎవరు పెట్టినా పర్లేదు. కాళ్లు మాత్రం ఆవిడవి.

పొద్దున్న బండి కట్టక ముందోసారి, సాయంత్రం విప్పేక ఒకసారి, కాజల్ కాలు ఎత్తి తన మోకాళ్ల మధ్యన బిగించీది. ఇనప కొక్కెంతో అడుగున ఇరుక్కున్న పేడ, రాళ్లు, మేకులు గీకి పారేసీది. గిట్ట అడుగున మధ్యలో ముక్కోణంగా మెత్తగా ఉంటది. అక్కడ ముక్కు పెట్టి వాసన చూసీది. నేను ముక్కు మూసుకుని, "ఛీ, ఏటప్పా అది!" అంటే, "కుళ్లు వాసనేస్తే ఆడే తెలిసిపోద్ది ఓలే. తడిగడ్డిలో నిలబెడితే నల్లగా కారతాది, మెత్తబడిపోద్ది" అనీది. అందుకే వానాకాలంలో తను తడిసినా పర్లేదు గానీ సాలలో నేల తడవనిచ్చీది కాదు. రోజూ గడ్డి మార్చి, పొడి బూడిద జల్లీది. చివర్న అరచెయ్యి తిరగేసి గిట్ట మీద ఆన్చీది, జొరమొచ్చిన పిల్లకి నుదురు చూసినట్టు. నాలుగు గిట్టలూ ఒకేలా చల్లగా ఉండాలంట. ఒకటి వెచ్చగా తగిలితే ఆ రోజు బండి లేదు, గోవిందరాజు ఎంత గోల పెట్టినా సరే.

"గుర్రమంటే నాలుగు గిట్టలే హైమా. మిగతాదంతా వాటి మీద తిరిగీ సామాను" అనీది.

నెల దాటగానే ఖిదిర్‌పూర్ నుంచి లాడాలు కొట్టీ ముసలి సాయిబు వచ్చీవాడు. మన గోరు పెరిగినట్టే గిట్ట పెరుగుతది, లాడం పెరగదు కదా. పాత లాడాలు పీకి, పెరిగిన గిట్ట చెక్కి, చదును చేసి మళ్లీ కొట్టాలి. ఆలస్యమైతే మేకులు వదులై లాడం పక్కకి తిరుగుతది, గిట్ట చీలుతది. సాయిబుకి ఒక్క రోజు ఆలస్యమైనా కామాక్షమ్మ నోటికి హద్దుండీది కాదు. అరిగిపోయిన లాడాలు మాత్రం ఎవరినీ ముట్టనిచ్చీది కాదు. తనే కొంగులో మూటగట్టుకుని బిచాలి ఘాట్‌కి ఎల్లి గంగలో పారేసీది.

ఎందుకో మీకు చెప్పాలి. నల్ల గుర్రం లాడానికి శని భయపడతాడని మనవాళ్ల నమ్మకం, బెంగాలీల నమ్మకం, బీహారీల నమ్మకం. దాంతో ఉంగరం చేయించి నడిమివేలికి తొడుగుతారు, లేపోతే గుమ్మానికి కొడతారు. కానీ పీకిన లాడం పనికిరాదు. నడుస్తుండగా తనంతట ఊడిపోవాలి. అదీ శనివారమైతే మరీ మంచిది. అలాంటి లాడం కోసం ఎక్కడెక్కడి వాళ్లో కామాక్షమ్మ దగ్గరికి వచ్చీవారు. "బౌదీ, ఒక్క నెల సాయిబుని రానీకండి, దానంతట అదే ఊడుతాది" అని వదిన వరస కలిపి బతిమాలీవారు. ఆవిడ కొక్కెం పట్టుకుని తరిమీది.

మా గుమ్మం మీద కూడా ఒకటుండీది. మా అత్త కాసులమ్మ దానికి పసుపు రాసి, శనివారం శనివారం కింద దీపం పెట్టీది. "నీ మొగుడు బతికి బట్టకట్టేడంటే దాని చలవే. చిన్నప్పుడు మూర్ఛలొచ్చి నురగలు కక్కీవాడు. అది కొట్టిన్నాటి నుంచి మళ్లీ రానేదు" అనీది. నాకూ దాని మీద భక్తే. మొగుడి ప్రాణం కదా!

కామాక్షమ్మతో నాకు ఒకటే కోపం. మా గడప తొక్కీది కాదు. నాతో నవ్వుతా మాటాడీది, నా చేతి కూర వీధిలో నిలబడే పుచ్చుకునీది, లోపలికి రా అప్పా అంటే మాత్రం మొహం మాడ్చుకునీది. మా గుమ్మం వైపు తలెత్తి చూసీదే కాదు. ఏటి, మేం అంత కానివాళ్లమా? రెండుసార్లు మొహం మీదే అడిగేసేను. గుర్రానికి గడ్డెయ్యాలని ఎల్లిపోయింది.

ఇంకోటి కూడా ఉంది. ఆ చప్పుడు.

మొదటిసారి విన్నది ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మగాళ్లు పనుల్లోకి ఎల్లిపోయేరు. నేను బియ్యం ఏరుకుంటన్నాను. గల్లీలో ఇటుకల మీద గుర్రం నడుస్తున్న చప్పుడు. టక్, టక్, టక్... సర్‌ర్. ఒక కాలు మోపలేక ఈడుస్తున్నట్టు. మళ్లీ టక్, టక్, టక్... సర్‌ర్. సరిగ్గా మా గుమ్మం ముందు ఆగింది. వేడి ఊపిరి వదిలినట్టు "బుస్"మంది. తలుపు తీసేను. ఎండ తప్ప ఏటీ లేదు. గల్లీలో కుక్కలన్నీ మంచాల కింద దూరి చెవులు వెనక్కి పెట్టుకుని కూచున్నాయి. చివర్న కామాక్షమ్మ తన గుమ్మంలో నిలబడి ఇటే చూస్తంది. నేను చూడగానే తలుపేసీసింది.

"బగ్గీ అయ్యుంటాది, పనిసూసుకో" అంది మా అత్త. అంటూనే లేచి, శనివారం కాకపోయినా, లాడం కింద దీపం వెలిగించింది. ఆ తరవాత ఏడాదికో మారు, రెండేళ్లకో మారు ఆ చప్పుడు వచ్చీది. ఎప్పుడూ మా గుమ్మం దాకానే. అడగడం మానీసేను. భయమేసిన సంగతి పైకంటే అది ఇంకా దగ్గరికొస్తదని నా భయం.

అలా కొన్నేళ్లు పోయేక, ఒక వానాకాలం మా ఆయన కాలి మీద గోనె బేలు పడి ఎముక విరిగింది. పిండి కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టేరు. మా అత్త గుండెలు బాదుకుంది. ఏలినాటి శని పట్టిందంది. గుమ్మం మీదది ఇంటికి కాపలా, దాన్ని తియ్యకూడదు, వేలికి ఉంగరం వెయ్యాలి, దానికి వేరే లాడం కావాలంది. అదే రోజుల్లో కామాక్షమ్మకి మలేరియా. గది దాటి రాలేదు. ఒణుకుతానే, "గోవిందూ, కాళ్లు సూసేవా? సాయిబు వచ్చేడా?" అని లోపల్నుంచి అరిచీది. "అన్నీ అయిపోనాయప్పా" అనీవాడు తమ్ముడు.

అబద్ధం. మా అత్త ఎల్లి వాడి గెడ్డం పట్టుకుంది. సాయిబుని గల్లీ మొగనుంచే ఎనక్కి పంపీసేడు వాడు. చెడ్డవాడు కాదు, జాలిగుండె వెధవ. ఏడిచే తల్లిని చూసి కరిగిపోయేడు. ఒక్క నెలే కదా అనుకున్నాడు. ఇవేవీ నాకు అప్పుడు తెలవు. తెలిసుంటే ఇద్దర్నీ కడిగి పారేసీదాన్ని.

ఆ తరవాతొచ్చింది ఆ బంద్ రోజు. వామపక్షాల కాలంలో బంద్ అంటే మీకేం తెలుసు! బస్సు లేదు, ట్రాం లేదు. డాకులో క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఓడ కూత లేదు. మామూలు బందుల్లో పిల్లలు రోడ్డు మీద కిరికెట్ ఆడీవారు, ఆ రోజు ముసురుకి వాళ్లూ లేరు. మధ్యాహ్నం పూట చూరు మీంచి కారీ నీటి చప్పుడు ఒక్కటే ఉంది.

అప్పుడు వచ్చింది. టక్, టక్, టక్... సర్‌ర్.

మంచం మీంచి మా ఆయన తల తిప్పేడు. అన్నేళ్లలో ఆయన విన్నది అదే మొదటిసారి. "గుర్రమేటే? బందునాడు బగ్గీ కట్టేడా గోవిందు?" అన్నాడు. మా అత్త గోడకి ఆనుకుని కూచుండిపోయింది. చప్పుడు గుమ్మం ముందు ఆగింది. ఈసారి ఆగి ఊరుకోలేదు. గిట్టతో గడప మీద కొట్టింది. ఠప్. మళ్లీ ఠప్. తలుపు పైనుంచి తుప్పూ పసుపూ రాలి నా చేతుల మీద పడ్డాయి. తలెత్తి చూస్తే, లాడం తన మేకు మీద తనే అటూ ఇటూ ఊగుతంది.

"తియ్యకే! తలుపు తియ్యకే!" అని అరిచింది మా అత్త.

ఆ అరుపుకే నాకు ఒళ్లు మండి తీసీసేను. మనిషి లేడు, గుర్రం లేదు. గడప ముందు బురదలో గిట్టల గుర్తులున్నాయి. మూడింటికి లాడం అచ్చుంది. నాలుగోది ఒట్టి గిట్ట, ఈడ్చిన గీత. నేను చూస్తుండగానే వాన నీళ్లు వాటిలోకి దిగి నిండిపోతన్నాయి. గల్లీ చివర కామాక్షమ్మ కంబళి కప్పుకుని, గోడ పట్టుకుని నిలబడింది.

"అది బిజిలీ" అంది. నాతో కాదు, తనలో తను. ఆ పేరు నేను వినడం అదే మొదలు. "ఇంత గట్టిగా ఎప్పుడూ పిలవనేదు. నా కాజల్‌కేటో అయింది."

పరిగెత్తేం సాలలోకి. కాజల్ ముందర ఎడంకాలు చాపి, బరువు ఆన్చకుండా నిలబడుంది. ఒళ్లంతా చెమట. నేల తడి, గడ్డి కుళ్లిపోయింది, కామాక్షమ్మ లేని సాల అది. కాలు ఎత్తి చూస్తే గిట్ట లాడం దాటి పెరిగిపోయి, లాడం పక్కకి తిరిగి, వదులైన మేకొకటి అడుగు మెత్తట్లో దిగిపోయి ఉంది. కామాక్షమ్మ అరచెయ్యి తిరగేసి గిట్ట మీద పెట్టి, చటుక్కున తీసీసింది. అంత వేడి.

"తల పట్టుకో ఓలే" అంది. నేనెప్పుడూ గుర్రాన్ని ముట్టలేదు. పట్టుకున్నాను. ఆవిడ జొరంతో ఊగిపోతా పట్టకారుతో లాడం వదులు చేసింది, మేకుని వంకర పోకుండా దిగిన దారినే బయటికి లాగింది. నల్లగా, కంపుకొడతా చీము కారింది. బంద్ కాబట్టి పశువుల డాక్టరు రాలేడు. గోరువెచ్చటి ఉప్పునీళ్ల బకెట్లో కాలు పెట్టించి, పక్కన కూలబడింది. గోవిందరాజు మూల నిలబడి ఏడుస్తా అంతా చెప్పీసేడు. ఆవిడ వాడి వైపు తిరక్కుండా బకెట్లో ఇంకో గుప్పెడు ఉప్పేసింది.

అప్పుడు నాకు చెప్పింది. బకెట్లో ఉన్న కాలుని చేత్తో నిమురుతానే చెప్పింది.

"బిజిలీ కాజల్‌కి ముందు మా ఆయన తోలీ గుర్రం. మీ అత్త వచ్చి ఆయన కాళ్ల మీద పడింది, కోదండానికి మూర్ఛలు, లాడం కావాలని. పసిగుంటడు కదా, ఆయనకి పాణమొప్పనేదు. సాయిబుని రానీనేదు. శనోరం నాడే ఊడింది, తనంతట. ఊడతా ఊడతా మేకు గిట్టలో దింపీసింది. దాన్ని లాగబోయి ఆయన అరచేతిలో గుచ్చుకున్నాడు. ధనుర్వాతం ఓలే. ఇద్దరికీని. ఈడ గుర్రం, ఆడ మంచం మీద మడిసి. ఇద్దరికీ దవడలు బిగిసిపోనాయి. ఆయన నాలికతో పిలుద్దామని సూసీవోడు, నోరు తెరుసుకుంటేగా! అది ఆయన పిలుపు కోసం చెవులు నిక్కబొడుసుకుని నిలబడీది. గంజి గిన్నె పట్టుకుని, ఎవుల నోట్లో పొయ్యాలో తెలక, మజ్జిన నిలబడిపోనాను."

నాకు ఏడుపు ఆగలేదు. "ఆ లాడమేనా మా గుమ్మం మీదది?" అన్నాను.

"మరేటి. దాని లాడం కోసమే వస్తాది, పాపం. కుంటుకుంటా."

"ఇన్నేళ్లు అడగలేదేటప్పా?"

"అడిగి తీయించేక నీ మొగుడికి ఏటన్నా అయితే? ఆడి కోసమే కదా ఆయన పోయింది. ఆడైనా బతకాల కదా" అంది.

పట్టకారు ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. ఇంటికెల్లి పీట ఎక్కేను. మా అత్త నా కాళ్లు చుట్టీసుకుంది. "నా కొడుకుని సంపీకే! రాచ్చసీ!" అని ఒకటే అరుపు. కామాక్షమ్మ అన్నదంతా పీట మీంచే చెప్పేను, మంచం మీంచి మా ఆయన విన్నాడు. ఆయన మొహం నల్లబడిపోయింది.

"గురువులు మావ నన్ను బుజాల మీదెక్కించుకుని గంగకి తీసుకెల్లీవోడు" అన్నాడు. "ఒగ్గీయమ్మా. దాని లాడం దానికిచ్చీయనీ."

మా అత్త చేతులు వదిలింది. మేకు తుప్పట్టి రాలేదు. రెండోసారి గుంజితే గోడ పెళ్లతో సహా వచ్చింది.

కాజల్ బతికింది, అది ముందే చెప్పీస్తాను, లేపోతే మీకు మనసాగదు. మర్నాడు డాక్టరొచ్చి కన్నం పెద్దది చేసి చీము అంతా తీసి, ధనుర్వాతం రాకుండా సూది పొడిచేడు. కామాక్షమ్మకీ గోవిందరాజుకీ కూడా పొడిపించుకోమని ఆస్పత్రికి తరిమేడు. తవుడు పట్టీలు కట్టి, గోనె సంచి తొడిగి, కొత్త గిట్ట దిగీ దాకా ఆ ఏడంతా బండి కట్టలేదు. తవుడు తెచ్చీది మా అత్తే. సాల గుమ్మంలో పెట్టి ఎల్లిపోయీది. కామాక్షమ్మ ముసలైపోయీ దాకా మా ఇంటికొచ్చి, గడప దాటి, మా వంటింట్లో కూచుని టీ తాగీది. మా ఆయనా కర్ర పట్టుకుని అయినా నడిచేడు, చాలాకాలం బతికేడు.

కానీ ఆ బంద్ రోజు సంగతికే వస్తాను. లాడం కొంగులో చుట్టుకుని నేనొక్కర్తినే బిచాలి ఘాట్‌కి బయల్దేరేను. దుకాణాలన్నీ మూసున్నాయి. ఎర్రజెండాలు తడిసి కర్రలకి అంటుకుపోయాయి. నాలుగడుగులు వేసేనో లేదో, వెనకనుంచి మొదలైంది. టక్, టక్, టక్... సర్‌ర్. నేను తొందరగా నడిస్తే అదీ తొందరగా వస్తంది. పాపం, ఆ ఈడ్చే కాలు! నా మెడ మీద వేడి ఊపిరి తగిలింది. గడ్డి వాసన. వెనక్కి తిరగలేదు. తిరిగితే అక్కడే పడిపోయీదాన్ని. "వస్తన్నాను తల్లీ, ఇచ్చీస్తన్నాను" అని పైకే అనుకుంటా మెట్లు దిగేను. పడవ లేదు, మనిషి లేడు, బూడిదరంగు నీళ్లు. విసిరీసేను. బుడుంగుమంది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆ తరవాత వెనకాల మెట్ల పైన వినపడింది. ఎంతసేపు విన్నానో, ఆగిపోయీ దాకా విన్నాను. అప్పుడు పరిగెత్తుకుంటా సాలకి వచ్చేను.

కామాక్షమ్మ ఇంకా బకెట్ దగ్గరే ఉంది. తలెత్తి, "ఎల్లిపోనాదా?" అంది.

"ఎల్లిపోయిందప్పా."

"కుంటతానేనా?"

"లేదు. నాలుగు కాళ్లూ ఆన్చి ఎల్లింది. శుభ్రంగా, దౌడు తీసుకుంటా." ఆవిడ పక్కన చతికిలబడ్డాను. "అంతకు ముందు ఇంకో చప్పుడయింది. దానికే అది కదిలింది. నాలిక అంగిట్లో కొట్టినట్టు. రెండుసార్లు."

ఆవిడ చెయ్యి నీళ్లలో ఆగిపోయింది. కాజల్ చెవులు నిక్కబొడుచుకుని గుమ్మం వైపు చూస్తంది.

"అయితే నోరు తెరుసుకున్నాదన్నమాట ఆయనకి" అంది కామాక్షమ్మ.

కంబళి అంచు నోట్లో కుక్కుకుని ఏడిచింది. ఏడిచి, ముక్కు తుడుచుకుని, బకెట్ నా వైపు తోసింది. "నీల్లు సల్లారిపోనాయి. యెచ్చబెట్టి తేవే" అంది.